గుంటలోంచి నేను చూపిన గుర్తులు

గ్లారుస్ కాంటన్, హిండర్‌బ్యూల్ గ్రామ నివాసిని, కీర్తిశేషులు ఫ్రిడోలిన్ కుండెర్ట్ భార్యను, రోజీనా కుండెర్ట్ అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, తెలివి కుదురుగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. తెలివి కుదురుగా ఉందని డాక్టరు చేత కాగితం రాయించుకున్నాను, రెండుసార్లు. నేను ఆరో తరగతి వరకే చదివాను. తప్పులుంటే దిద్దకండి, దిద్దితే చెల్లదేమో.

1. దీన్ని అమలు చేయవలసినది మన రైఫిల్ క్లబ్బు అధ్యక్షుడు యాకబ్ హెఫ్తి.

2. ఇల్లు, కింది పచ్చిక నా మేనకోడలు వెరీనాకు దఖలు పరుస్తున్నాను. పొయ్యి గొట్టం ఏటా శుభ్రం చేయించాలి. చేయించకపోతే పైన కూడా నాకు నిద్ర పట్టదు.

3. నా కేకు గిన్నె మా ఆడబిడ్డ బాబెట్‌కు. "వదినా, నీ కేకు తినాలంటే పక్కనే చెరువుండాలి" అని నలభై ఏళ్ళు అంది. ఇక తనే చేసుకుని తినాలి.

4. మా ఆయన తుపాకీ క్లబ్బుకు, సొంత తుపాకీ లేని కొత్తవాళ్ళ కోసం. నిజానికి ఇక్కడినుంచి రాయవలసినదానికే ఈ కాగితం మొదలుపెట్టాను. ఇల్లూ గిన్నే సాకు.

గుర్తులు చూపే పని నాదే. గురికాగితాల కింద గుంటలో ఉండేదాన్ని. తూటా పడ్డాక కాగితం కిందికి దింపి, రంధ్రం మీద చీటీ అంటించి, మళ్ళీ పైకి లేపి, తూటా ఎక్కడ పడిందో కర్ర చివరి నల్ల బిళ్ళతో చూపాలి. అసలు తగలకపోతే ఎర్రజెండా ఊపాలి. కాల్చేవాళ్ళు మూడు వందల మీటర్ల అవతల పడుకుని ఉంటారు. వాళ్ళకు ఆ బిళ్ళే ఆధారం. తూటా నడిమిన పడితే నాలుగు, అంచుకు పోయేకొద్దీ తక్కువ; పది తూటాలకు ముప్పై వస్తే బ్యాడ్జి.

1973లో ఆరుగురు కొత్తవాళ్ళు వచ్చారు. జెండా మీద జెండా ఊపాను. ఒక్కరూ మళ్ళీ రాలేదు. అప్పటి అధ్యక్షుడు మా ఆయనే. "రోజీ, ఇలాగైతే పదేళ్ళలో ఈ క్లబ్బు షెడ్డు మేకలకు ఇచ్చేయాలి" అని అన్నం మానేశాడు. మరుసటి ఏడు ఐదుగురు వచ్చారు. నేను ప్రతి బిళ్ళనూ నడిమికి కొంచెం జరిపి చూపాను. జాలి అనుకున్నాను.

యాకబ్, నాయనా, అందులో నువ్వొకడివి. నీ మొదటి రోజు ముప్పై ఒకటి నిజానికి ఇరవై నాలుగు. దానికి ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నావు, నేనెప్పుడు మీ ఇంటికి వచ్చినా ఆ గోడ వైపు కూర్చోను. తర్వాత నువ్వు కాల్చినవన్నీ నిజమే, అప్పటికి నేను గుంట మానేశాను.

5. ఆ ఐదుగురిలోనే ఉన్న ఆగతా రైనర్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. తనకు ముప్పై మూడు చూపాను. వచ్చింది ఇరవై ఒకటి. బ్యాడ్జి ఇచ్చారు, క్లబ్బు గోడ పలక మీద పేరు చెక్కారు. నెల తిరక్కుండా లోయలోని ఊళ్ళన్నీ కలిసే పోటీకి వెళ్ళింది. అక్కడ పదీ కాల్చాక గాని గుర్తులు చూపరు. పంతొమ్మిది వచ్చింది.

ఊళ్ళో మొదలైంది. "అక్కడ పంతొమ్మిదైతే ఇక్కడ ముప్పై మూడెలా వచ్చిందోయ్? కూతురి బదులు తండ్రి పడుకుని కాలిస్తే, తను లేచి దణ్ణం పెట్టుంటుంది." వాళ్ళ నాన్న సామ్యూల్ మంచి గురిగాడు, అందుకని నమ్మారు. కమిటీ కూర్చుంది. ఆ పిల్ల "నేనే కాల్చాను" అని ఒకే మాట అంటూ నిలబడింది. నేను అందరికీ కాఫీ పోస్తున్నాను. సాసర్లో ఒలికింది. "చూసి పోయవే" అన్నాడు మా ఆయన. నేను చూసి పోశాను. బ్యాడ్జి వెనక్కి తీసుకున్నారు, పలక మీద పేరు గీకేశారు. సామ్యూల్ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నిజం చెబితే మా ఆయన పరువు పోతుంది, ఆ రోజు పోటీ అంతా కొట్టేస్తారు అని భయపడ్డాను. నేను భయపడనిది ఎప్పుడు గనక.

రెండేళ్ళ తర్వాత మా ఆయన ఎవరో కొత్తవాడికి చెబుతుంటే విన్నాను: "తూటాలన్నీ ఒక్కచోట పడితే చెయ్యి మంచిదోయ్, తుపాకీ గురి దిద్దుకోవాలంతే." ఇంటికొచ్చి, ఆ రోజే దాచేసిన ఆగతా గురికాగితం తీసి చీటీలు ఊడదీశాను. పది రంధ్రాలూ ఎడమ పక్క, కింద, సాసరంత చోట ఉన్నాయి. నేను బిళ్ళ ఉన్నచోటే పెట్టి ఉంటే, తుపాకీ గురి మరలు రెండు తిప్పుకుని నిజంగానే ముప్పై దాటేది. ఐదుగురిలో జాలి అక్కర్లేనిది ఆ ఒక్కతే.

ఆ కాగితం దుప్పట్ల పెట్టెలో అడుగున ఉంది. అది ఆగతాది.

6. పలక మీద ఆగతా పేరు మళ్ళీ చెక్కించాలి. ముప్పై మూడు వేయకూడదు, ఇరవై ఒకటే వేయాలి. సామ్యూల్‌కు జరిగిన అన్యాయం సభ పుస్తకంలో రాయాలి.

7. వచ్చే వసంతంలో కొత్తవాళ్ళను పిలవండి, ఆడపిల్లలను కూడా. మొదటి పది తూటాల ఖర్చు కింది పచ్చిక కౌలు నుంచి. తూటా ఎక్కడ పడితే అక్కడే చూపాలి. జెండా ఊపితే, అది కిందికి దిగేలోపు గురి తెలిసినవాళ్ళు ఒకరు వాళ్ళ పక్కన వంగి, ఎందుకు తప్పిందో చెప్పాలి. తర్వాత వేడి సూప్ పోయాలి. వాళ్ళు మళ్ళీ రావడానికి ఇది చాలదేమో. ఇంతకన్నా నాకు తెలియదు.

8. ఇది గురువారం చేర్చాను. చచ్చాక చదివిద్దామనుకున్నాను, అది మళ్ళీ గుంటలో దాక్కోవడమే. ఆదివారం సభలో నేనే నిలబడి చదువుతాను. చేతిరాతకు సాక్షులు అక్కర్లేదన్నారు నోటరీ గారు. అయినా యాకబ్ చేత సంతకం పెట్టించి, ఆగతాకు కబురు పెట్టాను. వచ్చింది. వంటింట్లో కోటు విప్పకుండానే మొత్తం చదివింది. "నాన్న పోయి పదకొండేళ్ళయింది, రోజీనా పిన్నీ" అంది. పెట్టెలోంచి నేను తీసిచ్చిన గురికాగితం మీది రంధ్రాలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత కలం అడిగింది. "సంతకం పెడతాను. క్షమించానని కాదు, చదివానని."

అలాగే రాయమన్నాను.

హిండర్‌బ్యూల్, 17 అక్టోబరు 1996
(సంతకం) రోజీనా కుండెర్ట్

సాక్షులు:
యాకబ్ హెఫ్తి
ఆగతా రైనర్ (చదివినట్టు మాత్రమే)