సైదన్న రాయి

అన్నా,

నేను, నీ తమ్ముడు వెంకన్నను. నువ్వు పోయి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ మనసులోనే నిన్ను తలుచుకున్నాను. ఇవాళ కాగితం మీద తిడతాను. వినక ఏం చేస్తావులే...

పది పాసయ్యాను. "ఖాకీ బట్టల సదువు సదువుర తమ్మీ, నీ కొట్లాటలకు సర్కారే జీతమిస్తది" అని నవ్వేవాడివి, గుర్తుందా? అదే చేశాను. సూర్యాపేటలో పబ్లిక్ సర్వీసెస్ అని ఒకేషనల్ కోర్సు. పొద్దున్నే డ్రిల్లు, తర్వాత చట్టాలు, ప్రథమ చికిత్స, మంటలార్పడం. పాసైతే పోలీసో, ఫైరో, హోంగార్డో... నేరేడుచర్ల నుంచి రోజూ బస్సులో వేలాడుతూ పోతున్నాను.

ఎందుకు చేరానో తెలుసా? సేటును తన్నడానికి. ఒంటి మీద ఖాకీ పడ్డ రోజున మిర్యాలగూడ పోయి, నువ్వు బాయిలరు నడిపిన రైసుమిల్లు సేటును కాలరు పట్టి ఈడ్చుకొచ్చి, బాయిలరు పేలిన ఆ గోడ దగ్గర పడేసి తొక్కాలని. డ్రిల్లులో బూటు నేలకు కొట్టిన ప్రతిసారీ అది వాడి ఛాతీ అనుకునే కొట్టాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలియదు కదా... బాయిలరు మూత ఎగిరి రోడ్డవతల చింతకొమ్మను విరగ్గొట్టింది. నిన్ను గోనె పట్టాలో చుట్టి ఇచ్చారు. చూడొద్దన్నారు. చూశాను. చర్మం చొక్కాతో పాటే ఊడి వచ్చింది. అమ్మ నీ పాదాలు చూసి గుర్తుపట్టింది.

మన వాడ మొత్తం మిల్లు మీద పడ్డాం. ఊక కుప్పకు నిప్పు పెట్టాం. ఆఫీసు అద్దాలు పగలగొట్టింది నేనే. తప్పు బాయిలరు నడిపినవాడిదేనని సేటు అన్నాడట. చచ్చినవాడి మీదికి తోస్తాడా దొంగనాకొడుకు! మా అన్న తప్పు చేస్తాడా! బండరాయి ఎత్తి వాడి కారు మీద వేశాను. లాఠీ దెబ్బ తిన్న భుజం వానపడితే ఇప్పటికీ సలుపుతుంది.

పోయిన నెల మా సారు మమ్మల్ని కోదాడలో ఒక రైసుమిల్లుకు ప్రాక్టికల్ కోసం తీసుకెళ్ళారు. బాయిలరు దగ్గర నిలబెట్టి సేఫ్టీ వాల్వు గురించి చెప్పారు. లోపల ఆవిరి మితిమీరితే అది తనంతట తానే తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. తెరుచుకోకపోతే బాయిలరు బాంబే.

తలెత్తి చూశాను. ఆ వాల్వు మీది కడ్డీకి ఇనుప తీగతో ఐదు కిలోల తూకపు రాయి కట్టి ఉంది, తెరుచుకోకుండా. దానికి పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూల దండ. దసరాకు బాయిలరుతో పాటు దానికీ పూజ చేశారట!

ఇదేమిటని అడిగాను. బాయిలరు నడిపే ఆయన మురిసిపోతూ చెప్పాడు. వాల్వు తెరుచుకుంటే ఆవిరి వృథా, వడ్లు ఉడకడం ఆలస్యం, హమాలీలు ఇంటికి చేరడం ఆలస్యం. రాయి కడితే ఆ బాధ లేదు. తాను మిర్యాలగూడలో పనిచేసినప్పుడు ఈ కిటుకు నేర్పింది సైదులట. అందుకే దాన్ని సైదన్న రాయి అంటారట. నేనెవరో ఆయనకు తెలియదు.

నువ్వు... నువ్వేనా అన్నా?

అన్నం తింటూ ఎంత గొప్పగా అనేవాడివి! "నా బాయిలర్ల ఒక్క సుక్క ఆవిరి ఉట్టిగ పోదు. అందరికంటె ముందు మా బ్యాచే ఇంటికి పోతది, సూడు." అమ్మ సంబరపడి ఇంకో ముద్ద పెట్టేది...

ఒక గంట ఆలస్యంగా ఇంటికొస్తే ఏం పోయేది నీకు? నువ్వు గనక బతికుంటే ఆ క్షణాన నీ ఎముకలు విరిచేవాణ్ణి. అన్నవని కూడా చూసేవాణ్ణి కాదు.

నిచ్చెనెక్కి తీగ తెంపాను. సారు ఆగమని అరుస్తున్నా ఆగలేదు. రాయి కింద పడింది. వాల్వు తెరుచుకుని ఆవిరి ఒక్కసారిగా విరుచుకుపడింది, మోచేతి దాకా తోలు లేచింది. దిగానో లేదో హమాలీలు మీదపడ్డారు. గుళ్ళో దేవుణ్ణి తన్నినవాణ్ణి కొట్టినట్టు కొట్టారు. ఒకడు పార తిరగేసి నెత్తి పగలగొట్టాడు. నేను ఊరుకున్నానా? ఇద్దరి మూతులు పగిలాయి. నెత్తురు కళ్ళల్లోకి కారుతుంటే, నేను సైదులు తమ్ముణ్ణని, ఆ రాయే మా అన్నను మింగిందని గొంతు చించుకున్నాను. అప్పుడు ఆగారు. బాయిలరాయన నేల మీద కూలబడి ఏడ్చాడు.

నువ్వు పోయిన సంగతి ఆయనకు తెలుసు. బాయిలరు పాతదని, అంతా సేటు పాపమని మన వాడవాళ్ళం అరిచిన అరుపులే కోదాడ దాకా పోయాయి. రాయి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సేటును వదిలేశాననుకోకు. రోజూ ఆ రాయి కిందనుంచే తిరిగాడు, ఒక్కనాడూ తీసేయమనలేదు. వాడి సంగతి వేరే ఉంది...

ప్రిన్సిపాల్ టీసీ ఇచ్చి పంపిస్తానంటే సారు అడ్డుపడ్డారు. నెత్తి మీద కుట్లు విప్పారు, చేతికి ఇంకా కట్టు ఉంది. సెలవుల్లో సారూ నేనూ మిల్లులు తిరుగుతాం. నేరేడుచర్ల, మిర్యాలగూడ... నీ పేరు ఇంకా ఎన్నిచోట్ల వేలాడుతోందో? పోయిన ప్రతి చోటా, కట్టింది మా అన్నే, చచ్చింది మా అన్నే అని చెప్పాలి. నిన్ను అంత మెచ్చుకున్నవాళ్ళ ముందు నీ పేరు నేనే చెడగొట్టాలి. నాకేం సరదానా?

ముందు అమ్మకు చెప్పాలి. ఆమె ఇప్పటికీ లేస్తూనే సేటుకు శాపనార్థాలు పెడుతుంది. రేపు అన్నం దగ్గర చెప్తాను. కొడితే కొట్టనీ.

నీ ఫోటోకున్న దండ ఇవాళ తీసేశాను. ఆఖరి రాయి దించిన రోజున నా చేత్తోనే మళ్ళీ వేస్తాను. అప్పటిదాకా దండ లేకుండానే ఉండు.

నీ తమ్ముడు,
వెంకన్న