ఆమెన్ అనేలోగా పోయిన సింహం

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్

అమ్మకు వందనాలు. అందరం క్షేమమే కాని, నేను కోపంతో కుతకుతలాడుతున్నాను.

నిన్న తమ్ముడు రిచర్డునూ నన్నూ తన పిల్లలతో పాటు బాబాయి జూలో సింహాలను చూపించే బండి ఎక్కించాడు. బండి కదలగానే అందరం కళ్ళు మూసుకోవాలన్నాడు. ముఖ్యమంత్రి దగ్గర్నుంచి బండి చక్రాల దాకా అన్నిటికోసం ప్రార్థించాడు. ఆమెన్ అని కళ్ళు తెరిస్తే జింకలు!

"ఏంది సార్, సింహం అద్దం కాడికొస్తే కండ్లు మూసుకున్రు!" అని డ్రైవరు నవ్వాడు.

సింహం కోసమే సెలవుల్లో ఇంత దూరం వచ్చిన రిచర్డు అన్నం ముట్టలేదు. బాబాయేమో "క్షేమంగా తిరిగొచ్చాం, స్తోత్రం చెప్పరా" అంటాడు.

వాణ్ణి బడులు తెరిచేదాకా ఉండనివ్వు, నేనే తీసుకెళ్ళి చూపిస్తాను. ఆవకాయ పెట్టావా? నాన్న దగ్గు తగ్గిందా? తగ్గితే ఒకటి అడిగి రాయి: సింహాల గుహలో పడేసినప్పుడు దానియేలు కళ్ళు మూసుకున్నాడని బైబిల్లో ఎక్కడుంది?

మీ ప్రేమమణి