సజాతి పో పో, విజాతి రా రా

బాపట్ల,
శనివారం.

ప్రభువు నామంలో అమ్మకు నీ ఏకైక కుమారుడు వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం. నేనూ క్షేమమే, కాకపోతే కాస్త ముక్కలు ముక్కలుగా. తెనాలిలో నువ్వూ, మన ముందు గదిలో అద్దెకున్న జంటా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఆ జంట సంగతి మర్యాదకి అడగడం లేదు. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది. పూర్తిగా చదివేదాకా మంచం మీంచి లేవొద్దు. ఉత్తరం తెచ్చిన శ్యామ్‌ని గుమ్మంలో కూర్చోబెట్టు. పెద్దమ్మ కొడుకైనా వాడు నా మనిషి, నువ్వు లేస్తే మళ్ళీ కూర్చోబెడతాడు.

నువ్వు వాడితో పంపిన గోంగూర సీసా, దాని మూతకి చుట్టిన ఉత్తరం అందాయి. వాడు ముందు పెనుమూడిలో మా బడికి తీసుకెళ్ళాడు, వాళ్ళు చెబితే ఇక్కడికి తెచ్చాడు. ఇక్కడంటే ఆసుపత్రి. కంగారు పడకు. తెనాలి ఆసుపత్రికైతే నువ్వు పరిగెత్తుకొస్తావని నేనే బాపట్ల అని రాసి చూపించాను.

"ఫోనెత్తవేంరా, చేతులు పడిపోయాయా?" అని అడిగావు. చేతులు భేషుగ్గా ఉన్నాయి, రాస్తున్నాను కదా. ఫోను మీద గునపం పడింది. "వేళకి తింటున్నావా?" అన్నావు. తినడం లేదు, తాగుతున్నాను. తప్పుగా అనుకోకు, జావ. నా దవడ రెండు చోట్ల విరిగింది. పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో బిగించేశారు. నెలన్నర దాకా నోరు తెరవకూడదట. "నోరు మూసుకోరా శాలేమూ" అని నా చిన్నప్పటి నుంచీ నువ్వు చేసిన మొరలన్నీ ఒకే రోజు ఆలకించబడ్డాయి. గోంగూర స్ట్రాలోంచి రాదు. ప్రయత్నించాను.

కొట్టింది మా మూడో తరగతి సింధు వాళ్ళ నాన్న, చలపతిరావుగారు. గారు అని ఎందుకన్నానంటే, కొడుతున్నంతసేపూ ఆయన కూడా నన్ను అండి అనడం మానలేదు.

మొదటి నుంచీ చెబుతాను. నువ్వు చర్చిలో మాట్లాడి పాడైపోయిన మైకు పెట్టెలు ఇప్పించావు గుర్తుందా? వాటిని విప్పి, వెనకాల ఉండే గుండ్రటి అయస్కాంతాలు తీశాం. అచ్చం గారెల్లా ఉంటాయి, నడుమ చిల్లుతో సహా. పిల్లలు వాటికి తాళ్ళు కట్టి కృష్ణ ఒడ్డున ఇసకలో ఈడ్చుకుంటూ తిరిగారు. నల్లటి రజను అంటుకుంటే, "సార్, మా దానికి గడ్డం వచ్చింది!" అని కేకలు. నీళ్ళ పళ్ళెంలో ఆకు మీద సూది తేల్చాం. అది గిర్రున తిరిగి ఉత్తరానికి ఆగితే, "బెజవాడ వైపే చూస్తుందేంటి సార్, దానికక్కడ చుట్టాలున్నారా?" అంది సింధు. ఇంత బాగా పాఠం చెప్పినవాణ్ణి ప్రపంచంలో ఎవరూ కొట్టి ఉండరు.

బండి ఆగింది ఒక్క వాక్యం దగ్గర. సజాతి ధ్రువాలు వికర్షించుకొనును, విజాతి ధ్రువాలు ఆకర్షించుకొనును. ఆ మాటలు పలకబోతే మూడో తరగతి వాళ్ళకి పాలపళ్ళు ఊడతాయి. అందుకని ఆట చేశాను. సగం మంది ఛాతీ మీద ఎర్ర కాగితం, మిగతా సగానికి నీలం. ఒకే రంగు ఎదురుపడితే వెనక్కి గెంతాలి. వేరే రంగైతే చేతులు పట్టుకోవాలి. గెంతుతూ పాడాలి:

సజాతి సజాతి, పో పో!
విజాతి విజాతి, రా రా!

పాట కుదరడం కోసం ధ్రువాలు అన్న ఒక్క మాట తీసేశాను. ఫిజిక్సులో అది తప్పేమీ కాదు. తెలుగులో మాత్రం తల పగలగొట్టించుకునేంత తప్పు.

ఎందుకంటే అంతకు కొద్దిరోజుల ముందే సింధు వాళ్ళక్క హిమబిందు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. రేపల్లెలో ఫ్రిజ్‌లు బాగుచేసే ఫహీం అనే కుర్రాడితో. ఇద్దరూ మేజర్లే. చలపతిరావుగారు గునపం భుజాన వేసుకుని ఊరంతా తిరుగుతూ, దొరికితే ఇద్దర్నీ ఒకే గోతిలో పూడ్చేస్తానని చెప్పారు. ఊరికే అనే మనిషి కాదు. గట్టు తగాదాలో సొంత తమ్ముడి మోచెయ్యి విరిచిన మనిషి. ఆ ఇంటి వసారాలో కూర్చుని, మన సింధు రెండు అయస్కాంతం బిళ్ళలు చేతబట్టుకుని హాయిగా పాట అందుకుంది.

"ఎవరు నేర్పారే నీకిది?"

"మా సార్."

"విజాతోణ్ణి రా రా అనమన్నాడా?"

"అవును నాన్నా. సజాతైతే తన్నుకుంటాయంట."

మర్నాడు ప్రార్థన అవగానే వచ్చారు. "సార్, ఒక్క నిమిషం ఇటు రండి" అన్నారు. వెళ్ళాను. మొదటిది చెంప మీద పడింది. బడి గంట నా చెవిలో మోగింది. "మా పిల్ల ఎక్కడుందండి?" కడుపులో మోకాలు దిగింది. "మిమ్మల్నేనండి అడిగేది." పడిపోయాక డొక్కలో తన్నారు, నేను ముడుచుకుంటే వీపు మీద తన్నారు. "సజాతిని పొమ్మంటారా సార్? పోతాను. ముందు మీరు పోదురుగాని." గునపం తిప్పి పట్టుకుని ఒక్కటిచ్చారు. కొబ్బరిచిప్ప పగిలిన చప్పుడు బయట నుంచి కాదు, నా తల లోపల నుంచి వినపడింది. నోటినిండా ఉప్పు, అందులో చిన్న గులకరాయి. అది నా పన్ను. ఫోను జేబులోంచి జారిపడితే దాని మీదా ఒకటి వేశారు. "ఎక్కడ దాచారండి?" అని దాన్ని కూడా అడిగారేమో, నాకు తెలియదు.

అప్పుడు సింధు తన అయస్కాంతం విసిరింది. గురి నాన్న మీదే. అది టంగుమని గునపానికి కరుచుకుంది. దాన్ని చూసి తక్కిన పిల్లలూ మొదలెట్టారు. కొన్ని ఆయన నుదుటికి తగిలాయి, కొన్ని గునపానికి అంటుకున్నాయి. ఊచకి గారెలు గుచ్చినట్టుంది, అమ్మా. నవ్వుదామంటే దవడ లేదు. ఆయన గునపం వంక ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి, ఆ పిల్లని మొహాన కొట్టారు. సింధు మెట్టు మీద పడింది. పెదవి చీలిపోయింది.

సండేస్కూల్లో శాంతగుణానికి బహుమతి తెచ్చుకున్న నీ కొడుకు లేచి, ఆయన ముక్కు మీద తలతో గుద్దాడు. ముక్కు విరిగింది. ఆ చప్పుడు నాకు నచ్చింది. నచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నచ్చింది. ఆయన మళ్ళీ గునపం ఎత్తేసరికి, మా బడిలో అన్నం వండే హెప్సిబా ఆయా పొయ్యి మీది గంజి తపేలా తెచ్చి ఆయన కాళ్ళ మీద కుమ్మరించింది. "పసిదాని మీద చెయ్యెత్తుతావా, నీ చెయ్యి పడిపోను!" యుద్ధం అక్కడితో సమాప్తం.

మొన్న ఆయా సింధుని తీసుకుని నన్ను చూడ్డానికి వచ్చింది. పెదవి మీద కుట్లు. నా పళ్ళకి కట్టిన తీగలు చూసి, తన అయస్కాంతం తీసి వాటికి ఆనించింది. అంటుకోలేదు. "ఇది ఇనుము కాదు సార్" అని తేల్చేసింది. పాఠం వృథా పోలేదు. వెళ్తూ వెళ్తూ ఆ బిళ్ళ నా గుప్పిట్లో పెట్టింది.

"అక్కకియ్యండి సార్. రెండోది నా దగ్గరుంది."

అక్క ఎక్కడుందో నాకేం తెలుసని చేతులు తిప్పి సైగ చేశాను.

"నాకు చెప్పొద్దు సార్. నాన్న కొడితే నేను చెప్పేస్తా."

ఇక నీ చివరి ప్రశ్న. "ముందు గదిలో ఆ కాకుమాను పిల్ల బంగారంరా. నా కాళ్ళకి నూనె రాస్తుంది. కానీ వీధిలో బస్సు ఆగితే చాలు, లోపలికి పరిగెత్తి తలుపేసుకుంటుంది. వాళ్ళాయన ఆనందేమో శుక్రవారం వస్తే చాలు, మధ్యాహ్నం తల దువ్వుకుని ఎటో పోతాడు. నిఘా వెయ్యనా?" అని రాశావు.

వెయ్యొద్దు. నమాజుకి పోతాడు. అతని పేరు ఆనందు కాదు, ఫహీం. ఆ బంగారం పేరు హిమబిందు, ఊరు కాకుమాను కాదు, పెనుమూడి. మైకు పెట్టెలు విప్పడానికి నేనే ఫహీంని బడికి పిలిచాను. చెల్లెల్ని దింపడానికి ఆ అమ్మాయి వచ్చేది. బాపట్ల రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్ళ నోటీసు గోడ మీద నెల రోజులు వేలాడింది, పుణ్యానికి ఎవరూ చదవలేదు. సాక్షి సంతకాల్లో ఒకటి నాది. మా అమ్మ ముందు గది ఖాళీగా ఉందని చెప్పిన నోరూ నాదే. కాబట్టి చలపతిరావుగారు కొట్టిన కారణం తప్పు. దెబ్బలు తిన్న మనిషి మాత్రం సరైనవాడే.

పోలీసు కేసు పెట్టాను. నిన్న బెయిలు మీద బయటికొచ్చారు. మాది తెనాలని ఎవరో చెప్పారట. వస్తారు. అమ్మా, అండీ అనుకుంటూనే గుమ్మంలోకి వస్తారు. ముక్కుకి కట్టు ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

ఇల్లు నీది. నిన్నడక్కుండా వాళ్ళని నీ నెత్తిన పెట్టడం నా తప్పు. నువ్వు చర్చిలో స్త్రీల సమాజం ప్రెసిడెంటువి, తెలిస్తే వాళ్ళేమంటారో నాకు తెలుసు. వద్దనుకుంటే ఇద్దర్నీ ఇప్పుడే శ్యామ్ వెంట పంపెయ్. వాడు వేమూరులో వాళ్ళ మామగారింట్లో దాస్తాడు. నిన్ను ఒక్క మాట అనను, ఎలాగూ అనలేను. ఉంచుకుంటానంటే, ఈ కవర్లో ఉన్న బిళ్ళ ఆ పిల్ల చేతిలో పెట్టి తలుపు గడియ వెయ్. తనకి నువ్వేమీ చెప్పక్కర్లేదు.

వీడి నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా చెబుతావు కదా, ఒక్కటి వినమ్మా. తెనాలిలో మా అమ్మ దగ్గర అని నాలుగు మాటలంటే ఈ దవడ మిగిలేది. ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పలేదు. ఈ తీగలు ఆ తర్వాత కట్టినవి.

ఇట్లు,
నోరు మూసుకున్న నీ కొడుకు
శాలేమురాజు