సంచిలో లేని అంకె

నవంబర్ 3, 2024, ఆదివారం

కార్తీకమాసం మొదటి ఆదివారమే రచ్చ.

జగ్గయ్యపేట అవతల మామిడితోటలో ఒక కాలనీ వాళ్ళ వనభోజనాలు. సౌండ్ మా ఆయన రూబెన్‌ది, మైకు నాది. చర్చి ఎగ్గొట్టి కార్తీక భోజనాల్లో తంబోలా ఆడించేదాన్ని ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటా.

సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళ తీశా. పదకొండు అని చదివా. సగం మంది ఈలలు, చప్పట్లు. మిగతా సగం లేచి నిలబడ్డారు. మొన్నటి ఎలక్షన్లో ఓడిన పార్టీకి వచ్చిన సీట్లవి. తెలియక కాదు, ఆ క్షణాన బుర్రలో లేదు. అంతకుముందు ఎలక్షన్లో మీకొచ్చిన ఇరవైమూడు మర్చిపోయారా అని లేచినవాళ్ళు అరిచారు. పులిహోర విస్తళ్ళు గాల్లోకి లేచాయి. భోజనాలు పెట్టించిన సతీష్‌బాబుగారు, కావాలనే చదివావు కదమ్మా అని నా మీద పడ్డాడు. బిళ్ళ వస్తే చదవక దాచుకోనా అనాలనిపించింది. సారీ అండి అన్నా.

నవంబర్ 4, సోమవారం

వీడియో అందరి స్టేటస్‌ల్లో ఉంది. అందులో నేను నవ్వుతున్నట్టే కనిపిస్తున్నా. అది భయంతో వచ్చిన నవ్వని ఎవరికి చెప్పను?

స్కూల్లో హెడ్మాస్టర్ పిలిచి, టీచరమ్మా మీదే పార్టీ అని అడిగాడు. రెండో తరగతి పార్టీ అండి అన్నా. నవ్వలేదు. మనది ప్రైవేటు స్కూలు, పేరెంట్స్‌లో రెండు రకాల వాళ్ళూ ఉంటారు, ఇంకొక్క వీడియో వచ్చిందంటే మీరు వేరే స్కూలు చూసుకోండి అన్నాడు. పద్నాలుగేళ్ళుగా అక్కడే చెప్తున్నా.

నవంబర్ 6

క్లాసులో కూడికలు. ఆరూ అయిదూ కలిపితే ఎంత అని అడిగా. జవాబు చెప్పకుండా వెనక బెంచీ కిసుక్కుమంది. ఏడేళ్ళ పిల్లలు.

నవంబర్ 9

రూబెన్ ఐడియా. పదకొండు, ఇరవైమూడు బిళ్ళలు రెండూ సంచిలోంచి తీసి పోపులపెట్టెలో, మెంతుల గిన్నెలో పడేశాడు. ఎవరు లెక్కపెడతారే అన్నాడు.

నవంబర్ 10, ఆదివారం

జి.కొండూరు. ఒక్క గొడవ లేదు. అందరూ తిన్నారు, ఆడారు, మైకులో నన్ను మెచ్చుకుని ఇళ్ళకెళ్ళారు. హాయిగా ఉండాలి కదా. తలనొప్పి.

నవంబర్ 17, ఆదివారం

మా వీధి పుష్పవతిగారి గురించి రాయాలి. డెబ్భై నాలుగేళ్ళు. తంబోలా అంటే ప్రాణం. ఎక్కడ భోజనాలున్నా అక్కడ ఎవరో ఒక చుట్టం తగులుతారు, మా సౌండ్ బాక్సుల ఆటోలోనే వచ్చేస్తుంది. ఒళ్ళో పెట్టుకుంటే పెన్ను సరిగా రాయదని పిన్నీసుతో టికెట్‌కి చిల్లులు పొడుస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గెలవలేదు. ప్రైజిచ్చే స్టీలు డబ్బాలు నాకెందుకమ్మాయ్, మైకులో నా పేరు చదివితే చాలు అంటుంది.

ఇవాళ పరిటాలలో ఆవిడకి ఫుల్ హౌస్‌కి టికెట్ మీద ఒక్క అంకే మిగిలింది. ఇంకొక్కటేనమ్మా, ఒక్కటే అని పక్కవాళ్ళందరికీ టికెట్ చూపిస్తోంది. నేనూ వంగి చూశా.

పదకొండు.

చదువుతూనే ఉన్నా. నేను బిళ్ళ తీసిన ప్రతిసారీ ఆవిడ పిన్నీసు పైకెత్తేది. తొమ్మిది బిళ్ళల తర్వాత ఇంకెవరికో ఫుల్ హౌస్ పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆట అయ్యాక బిళ్ళలన్నీ బోర్డులో పేర్చిపెట్టడం ఆవిడ అలవాటు. సంచి ఖాళీ అయింది, బోర్డులో రెండు గుంటలు మిగిలాయి. వాటిని చూసింది, నన్ను చూసింది.

ఆటోలో కీసర టోల్‌గేట్ దాటాం. తర్వాత మెల్లగా, భయపడి తీసేశావు, అర్థమైందిలే, నీ ఉద్యోగం నీది అంది. మరి టికెట్ మీద ఎందుకుంచావే అమ్మాయ్ అంది.

తిట్టినా బాగుండేది.

నవంబర్ 21

టికెట్ల మీద ఆ రెండు అంకెలూ కొట్టేద్దామని మార్కర్ పట్టుకుని కూర్చున్నా. నాలుగు టికెట్లు అయ్యాక చూస్తే, నల్లగా కొట్టేసిన గడే అన్నిటికంటే ముందు కనిపిస్తోంది. మానేశా.

నవంబర్ 23

పోపులపెట్టె తీశా. ఉద్యోగం ఊడితే నన్నడక్కు అన్నాడు రూబెన్. మళ్ళీ తనే సంచి తెచ్చి నా పక్కన పెట్టాడు. మెంతి వాసన పోయేదాకా బిళ్ళలు తుడిచా. పోలేదు.

నవంబర్ 24, ఆదివారం

నందిగామ. ఆరో బిళ్ళకే పదకొండు వచ్చింది. గట్టిగా చదివా.

ఈలలు మొదలయ్యాయి. ఫోన్లు పైకి లేచాయి. ముందు వరుసలో పుష్పవతిగారు టికెట్‌కి చిల్లు పొడుచుకుని, ఆ గోలలో చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాతిదేంటమ్మాయ్ అంది.

బిళ్ళ తీశా. అరవై నాలుగు.