ఖరగ్‌పూర్‌కు మా సినిమా వచ్చేలోపు

సార్నియా, కెనడా,
26 అక్టోబరు 2025, ఆదివారం.

రాఘవులు అన్నయ్యకు చెల్లెలు సూర్యకుమారి పాదాలకు నమస్కరించి రాస్తున్నది.

అన్నయ్యా, నీ ఆయాసం ఎలా ఉంది? పొద్దున్న మాత్ర తిన్నాక వేసుకుంటున్నావా, తినకముందా? వదినకు షుగరు తగ్గిందా, ఇంకా దొంగచాటుగా రసగుల్లాలు తింటోందా? కోడలు సుధామయికి నడుము నొప్పి నెమ్మదించిందా? అబ్బాయి జయదేవ్‌కు కంటి పరీక్ష చేయించమన్నాను, చేయించారా? ఇక్కడ మీ బావ, నేను, మా దగ్గరుండి చదువుకుంటున్న మనవరాలు రిషిత అందరం క్షేమం. మీ బావకు మోకాళ్ళు మూలుగుతున్నాయి గానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఫోనులో నీకు మాట వినపడదు కాబట్టి ఎప్పటిలాగే కాగితం మీద రాసి, రిషిత చేత ఫొటోలు తీయించి సుధామయికి పంపిస్తున్నాను. నా ఆరో తరగతి చదువులో తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పోయిన ఉత్తరంలో నువ్వు మూడు సంగతులు అడిగావు. సినిమాలో నీకు వంటమనిషి వేషమా అని ఒకటి. రోజూ సుధామయికి ఫోను చేసి అన్నయ్య లేచాడా, తిన్నాడా, ఊపిరి బాగా తీస్తున్నాడా అని ఎందుకు వేధిస్తున్నావని రెండోది. రైలింజను పక్కన తెల్లచొక్కాతో నిలబడ్డ నీ పాత ఫొటో నా దగ్గరే ఉంది కదా, కాపీ పంపమని మూడోది. మొదటిదానికి జవాబు సుళువు. మిగతా రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, వాటికి కాస్త ధైర్యం తెచ్చుకోవాలి. మా సినిమా నవంబరు 28న మీ ఊళ్ళో విడుదలట. నువ్వు తెరమీద చూసేలోపు నేనే చెప్పాలి.

వేషం వంటమనిషిది కాదన్నయ్యా, గ్యాంగ్‌స్టర్‌ది. సినిమా పేరు 'కాలో బొరోఫ్'. ఇక్కడ చలికాలంలో రోడ్డు మీద కంటికి కనపడని నల్లమంచు పేరుకుంటుంది, కాలు పెడితే జారి పడతాం, ఆ మంచు పేరే అది. తీసిన పిల్ల దేబజాని. ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికొచ్చి, ఇక్కడే ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. శని ఆదివారాలు మాత్రమే తీస్తూ, రెండు చలికాలాల్లో పూర్తి చేసింది. రిషిత వాళ్ళకు సౌండ్ పని చేస్తుంది. ఒకరోజు దేబజాని భోజనానికి వచ్చి, నేను కత్తిపీట ముందు కూర్చుని అరటిపువ్వు తరుగుతుంటే గుమ్మంలోనే ఆగిపోయింది. నేను బెంగాలీలో పలకరించేసరికి కళ్ళు ఇంత చేసింది. మన రైల్వే క్వార్టర్స్‌లో, బజారులో నేర్చిన భాష కదా, నా మాటలో మెత్తదనం ఉండదు.

"పిషీమా, మీరు మా సినిమాలో మనుషుల్ని చంపిస్తారా?" అంది, వచ్చీ రాగానే మేనత్త వరస కలిపేసి.

మీ బావ సోఫాలోంచే, "దీనికి నటన నేర్పక్కర్లేదమ్మా. నాతో మాట్లాడినట్టు మాట్లాడితే చాలు," అన్నారు.

మొదట వాళ్ళు రాసుకున్నది చనిపోయిన ముఠానాయకుడి భార్య వేషం. మీ బావ బతికుండగా నుదుట బొట్టు తీసి విధవ వేషం వేయడమా అని హడలిపోయాను. "భార్య వద్దు, చెల్లెల్ని చేయండి, బొట్టు తీయను," అన్నాను. దేబజాని ఒప్పుకుని కథే మార్చింది. గండం తప్పించానని ఎంత మురిసిపోయానో.

కథ ఏమిటంటే, అన్నను ఎవరో చంపేస్తారు, చెల్లెలు ఆయన కుర్చీలో కూర్చుని ముఠాను నడుపుతుంది. కూరలు తరుగుతూనే, తల ఎత్తకుండా, "వాణ్ణి ఇక వెతకొద్దు" అంటుంది. అంటే వాడి పని అయిపోయిందని అర్థం. ఆ మాట అనడానికి నాకు పదకొండు సార్లు పట్టింది. ప్రతిసారీ చివర్లో "పాపం" అనేదాన్ని. రక్తమని చెప్పి పంచదార పాకంలో రంగు కలిపి పోసేవాళ్ళు. మంచులో పిల్లలు పల్చటి చొక్కాలతో పరుగెత్తుతుంటే నేను కోట్లు పట్టుకుని వెనకాల వెళ్ళేదాన్ని. "అమ్మమ్మా, నువ్వు డాన్‌వి, వాళ్ళకి స్కార్ఫ్ కట్టకూడదు! షాట్ పాడైపోతుంది!" అని రిషిత అరుపులు.

ఇంత చేసి సినిమా ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టేది కాదు. కానీ బాగుందన్నయ్యా. నేనే చెబుతున్నాను, బాగుంది. ఇక్కడ రిచ్‌మండ్ హిల్‌లో ఆడినప్పుడు హాలు నిండిపోయి జనం మెట్ల మీద కూర్చున్నారు. కలకత్తాలో ఐదో వారం నడుస్తోంది. ఒక పేపరువాడు రెండో సగం సాగదీశారని రాశాడు, అది నిజమే, నాకూ అక్కడ కునుకు వచ్చింది. ఆట అయ్యాక ఒక పిల్లవాడు నా కాళ్ళకు దణ్ణం పెట్టి, "పిషీమా, మిమ్మల్ని చూస్తే నిజంగా భయమేసింది," అన్నాడు. డెబ్భై నాలుగేళ్ళు నేను అందరికీ, అన్నిటికీ భయపడ్డాను. నన్ను చూసి ఒకరు భయపడటం అదే మొదలు.

ఆ వెనకే ఒక పెద్దావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అన్నగారు పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. అక్కడే నిలువునా నీరైపోయాను. ఇక దాచను.

కథలో చనిపోయిన అన్న ఫొటో ఒకటి గోడకు ఉండాలన్నారు. పాతకాలపు మనిషి, మీసం, ఠీవి ఉండాలన్నారు. నాకు నువ్వు తప్ప ఎవరు గుర్తొస్తారు? ఆ ఇంజను ఫొటో గర్వంగా తీసి ఇచ్చాను. బెంగాలీ చదవడం రాదు కదా, ఏ రోజు మాటలు ఆ రోజు రిషిత చెబితే నేర్చుకునేదాన్ని, ముందు ఏముందో తెలిసేది కాదు. ఆఖరి రోజు, ఊరి బయట అద్దెకు తీసుకున్న గోడౌన్లో, పళ్ళెంలో రజనీగంధ దండ కనిపించింది.

"ఇదెవరికమ్మా?" అన్నాను.

"మీ అన్నయ్య ఫొటోకి, పిషీమా. మీరే వేస్తారు," అంది దేబజాని.

బొట్టు కాపాడుకోవడానికి భార్య వేషం వద్దన్నదాన్ని, ఆ గండం అన్న మీదకు తెచ్చానని అప్పుడు తెలిసింది. ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే అంతా నిశ్శబ్దమైపోయింది, "యాక్షన్" అనేశారు. నా చేతులు లేచాయి. బతికున్న నీ ఫొటోకు దండ వేశాను అన్నయ్యా. కన్నీళ్ళు పెట్టకూడదని దేబజాని ముందే చెప్పింది. నేను వెక్కి వెక్కి ఏడుస్తూనే, "ఇక ఈ కుర్చీ నాది," అన్నాను.

కెమెరా ఆగాక, "మా అన్నయ్య బతికే ఉన్నాడు," అని చెప్పాను. వాళ్ళకూ అది అరిష్టమే. దేబజాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఛీ ఛీ, పిషీమా, ముందే చెప్పాలి కదా! ఇది తీసేస్తాను. వేరే ఫొటో పెట్టి మళ్ళీ తీద్దాం," అంది. మంచి పిల్ల. అలా అంటూనే తీసినదాన్ని చిన్న తెర మీద నాకు చూపించింది.

అసలు తప్పు ఇక్కడుందన్నయ్యా. చూసి, "ఉంచు," అన్నాను నేను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ తెరలో ఉన్న మనిషి గజగజ వణికే సూర్యకుమారి కాదు. నువ్వు లేకపోతే నేనేమవుతానో మొదటిసారి కళ్ళారా చూశాను, ఏడుస్తూ కూడా నిలబడే ఉంది. అది తీసేయడానికి మనసు రాలేదు.

ఆ సాయంత్రమే దండను నదిలో కలుపుదామని వెళ్ళాం. ఒడ్డంతా గడ్డకట్టి ఉంది. విసిరిన దండ మంచు మీదే తెల్లగా పడి ఉండిపోయింది. అది చూసి ఇంకా బెంబేలెత్తిపోయాను. "ముప్పై ఏళ్ళు ఇంజను పొగ మింగినవాడే అతను. నీ మూరెడు పూలకు పోతాడా?" అన్నారు మీ బావ. అయినా ఆనాటి నుంచీ సుధామయికి ఫోను చేయకుండా నాకు తెల్లవారదు. సినిమాలో పిషీమా ఎవరికీ భయపడదు, ఇంట్లో ఈ పిషీమా పొద్దున్నే నీ ఊపిరి లెక్కపెడుతుంది.

కోపం వస్తే తిట్టు. కానీ ఉత్తరంలో వద్దు. విమానమంటే గుండె ఆగిపోతుందని పదకొండేళ్ళుగా రాలేదు. ఈసారి నేనే ముందు టికెట్లు తీయమన్నాను, మీ బావ నమ్మలేక రెండుసార్లు అడిగారు. ఫొటో కాపీ కాదు, అసలుదే తెస్తున్నాను. విడుదలనాడు హాల్లో నీ పక్క సీటు నాది. దండ సీను వచ్చినప్పుడు నీ చెయ్యి పట్టుకుంటాను, విదిలించుకోకు. ఆ తరువాత ఎంత గట్టిగా తిడితే నాకు అంత నిశ్చింత.

నువ్వు స్టేషనుకు రావద్దు, తోపులాటలో పడతావు, జయదేవ్‌ను పంపు. నవంబరు 27, గురువారం, సాయంత్రం నాలుగున్నర బండికి దిగుతున్నాం.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క చెల్లెలు
సూర్యకుమారి