పక్క గ్రౌండ్ నుంచి అక్కకు

మెదక్,
17 ఫిబ్రవరి 2025, సోమవారం.

అక్కకు తమ్ముడు అనూప్ ప్రభువు పేరిట చేసే వందనాలు.

ఇక్కడ నేనూ నీ మరదలు ఫేబా బాగున్నాం. జ్వరాలూ నొప్పులూ లేవు, వేళకు తింటున్నాం, ఆ లెక్కన బాగున్నట్టే. నువ్వు కూడా అక్కడ ఆరోగ్యంగా ఉన్నావనీ, హాస్టల్ పిల్లలు నిన్ను మరీ సతాయించడం లేదనీ అనుకుంటున్నాను. ఆసిఫాబాద్ దిక్కు చలి మన మెదక్ చలి లాంటిది కాదని రాశావు. ఫేబ నీకోసం ఉన్ని శాలువా కొని ఉంచింది. చలి అంతా పోయాక పంపేటట్టున్నావని రోజూ నన్ను దెప్పుతోంది.

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఫ్లెక్సీ షాపులో పెళ్ళిళ్ళ బ్యానర్ల పని మస్తుగా ఉందని చెప్పి తప్పించుకోవచ్చు. పని ఉన్నమాట నిజమే, కానీ ఆలస్యానికి కారణం అది కాదు. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి, మూడుసార్లూ నువ్వు చివర అడిగిన దాని దగ్గర ఆగిపోయాను. అందుకని ఈసారి మొదటి ప్రశ్న నుంచి వరసగా వస్తాను.

నా గొంతు గురించి అడిగావు. డిసెంబర్‌లో బొంగురుపోయింది, ఇంకా అట్లాగే ఉంది. దవాఖానలో డాక్టరు చూసి, భయపడాల్సింది లేదు, మాట తగ్గించమన్నాడు. ఏం పని చేస్తావని అడిగితే ఫ్లెక్సీలు డిజైన్ చేస్తానని చెప్పాను. దానికి గొంతెందుకు పోతుందని ఆయనకు అనుమానం. హాకీ, బేస్‌బాల్ ఆటల మీద పాడ్‌కాస్ట్ చేస్తానని అప్పుడు చెప్పాల్సి వచ్చింది. "అవి ఎవరు ఇంటరు?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని. మూడు వందల మంది అని చెప్పి బయటికి వచ్చాను. ఆరేళ్ళకు మూడు వందల మంది అక్కా.

రెండోది హాకీ గ్రౌండ్ సంగతి. ఎగ్జిబిషన్ వాళ్ళు నెలరోజులు డేరాలు వేసుకుని పోయారు. గుంజలు పాతిన గుంతలు ఎవరూ పూడ్చలేదు. నువ్వు రైట్ హాఫ్‌గా పరుగెత్తిన ఆ కుడి పక్కంతా జల్లెడలాగా ఉంది. మొన్న చేగుంట అమ్మాయిలూ ఎల్దుర్తి అమ్మాయిలూ మ్యాచ్ ఆడదామని వస్తే, గుంతల్లో మట్టి నింపడానికే పొద్దంతా పట్టింది. నేనూ ఒక పార పట్టాను. ఆట ఇరవై నిమిషాలే అయింది. చేగుంట ఒక్క గోల్‌తో గెలిచింది, కొట్టిన పిల్ల పేరు నిస్సి. పేపర్ అతనికి ఫోన్ చేస్తే, పోటీ కాదు కదా, ఏం రాస్తామని పెట్టేశాడు. నేను బ్లాగులో రాశాను.

ఈ బ్లాగు మొదలైందే అట్లాంటి రోజున కదా. నీ స్కూలు పిల్లలు జిల్లా ఫైనల్ గెలిస్తే పేపర్లో ఒక్క వాక్యం వచ్చింది, అందులోనూ ఓడిన జట్టు పేరు గెలిచినట్టు వేశారు. నువ్వు ఆ పేపర్ మడిచి పక్కన పెట్టి వంటలోకి పోయావు. నేను ఆ సాయంత్రమే కూర్చుని పదకొండు మంది పేర్లతో మ్యాచ్ మొత్తం రాశాను. రాయడం కాస్తా మాట్లాడటం అయింది. పెద్ద గ్రౌండ్ ఎప్పుడూ క్రికెట్ వాళ్ళదే, మనం ఎప్పుడూ పక్క గ్రౌండేనని నువ్వన్న మాటనే పాడ్‌కాస్ట్‌కు పేరుగా పెట్టుకున్నాను.

అలసిపోయానక్కా. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఎక్కడో ఒక గ్రౌండ్‌కు పోవడం, స్కోరు రాసేవాళ్ళు లేకపోతే నేనే రాయడం, ఇంటికొచ్చి తలుపులేసి, ఫ్యాన్ ఆపి, కిటికీకి దుప్పటి కట్టి చెమటలు కారుతుండగా మాట్లాడటం. మధ్యలో చర్చి గంట మోగితే మళ్ళీ మొదటినుంచి. ప్రతి ఎపిసోడ్‌లోనూ బేస్‌బాల్‌లో ఎన్ని బేస్‌లుంటాయో, పిచర్ అంటే బంతి విసిరే మనిషని, మళ్ళీ చెప్పాలి. ఇవన్నీ ఇష్టంగానే చేశాను. కానీ ఒక్కసారైనా ఎవరైనా నన్ను పిలిచి, నువ్వు చేస్తున్నది మంచి పని, రా, కూర్చో అంటారని లోపల ఎక్కడో కాచుకుని ఉన్నాను. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక మూడోది. కావ్య చేయి నిజంగా ఎట్లా ఉంది, నువ్వు చేస్తే ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, అని అడిగావు.

చేతికి దెబ్బ తగిలిందనీ, ఆపరేషన్ అయిందనీ జనవరిలో నీకు ఫోన్లో చెప్పాను. ఆటన్నాక దెబ్బలు తప్పవని కూడా అన్నాను. అందులో అబద్ధం లేదు, నిజం కూడా లేదు.

కౌడిపల్లి స్కూల్లో ఆటల టీచర్‌గా ఉన్నప్పుడు నువ్వు ఆమెను కనిపెట్టిన రోజు నాకు చాలాసార్లు చెప్పావు. ఏ మామిడికాయ చూపిస్తే ఆ కాయ రాయితో రాలగొట్టేదని, ఎనిమిదో తరగతి పిల్లకు అంత గురి ఎక్కడిదని. పిచర్‌ను చేశావు. ఒక్కరోజులో అరవై బంతులు దాటితే గ్లవ్ లాక్కుని కూర్చోబెట్టేదానివి. నువ్వు బదిలీ మీద పోయాక ఆ బంతులు లెక్కపెట్టేవాళ్ళు లేరు. తర్వాత వచ్చిన కోచ్ ఉదయ్ కుమార్ చెడ్డవాడు కాదు. కాకపోతే జట్టులో గట్టిగా విసిరే పిల్ల ఒక్కతే ఉంది, అతను రోజూ ఆ ఒక్కదానితోనే వేయించాడు.

నవంబర్‌లో, రాష్ట్ర పోటీలకు వెళ్ళే జిల్లా జట్టు సెలక్షన్‌లకు ముందు, కావ్యతో ఇంటర్వ్యూ కోసం కౌడిపల్లి పోయాను. స్కూలు వరండాలో కూర్చున్నాం. పన్నెండు నిమిషాలు బాగా మాట్లాడింది. నీ గురించీ చెప్పింది. ప్రాక్టీస్ ఎట్లా నడుస్తోందని అడిగితే నా మొహం చూడకుండా మైకును చూస్తూ చెప్పింది.

"మోచెయ్యి లోపల మంట లేస్తుంది అన్నా. రెండు నెలలైతుంది. అన్నం ఎడమ చేత్తోని తింటున్న. అమ్మ చూస్తే తిడ్తదని పళ్ళెం తీస్కొని బయటికి పోతున్న."

రికార్డింగ్ అయ్యాక ఉదయ్ కుమార్ నా వెంట గేటు దాకా వచ్చాడు. అప్పటిదాకా కావ్య వెనక మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు.

"ఆ ముక్క తీసెయ్యుండ్రి అన్నా. సెలక్టర్లు ఇంటే పిల్లను పక్కన పెడ్తరు. రాష్ట్రం ఆడితే రేపు స్పోర్ట్స్ కోటాల సీటు వస్తది. లేనోళ్ళ పిల్ల, జర ఆలోచించుండ్రి."

బస్సు వచ్చేలోపు ఇంకో మాట కూడా చెప్పాడు. డిసెంబర్‌లో రాష్ట్ర పోటీలు ఆన్‌లైన్‌లో చూపిస్తారట. తెలుగు కామెంటరీకి నా పేరు ఇచ్చాడట, వాళ్ళు ఒప్పుకున్నారట.

ఇంటికొచ్చి ఆ ముక్క తీసేశాను. నలభై ఒక్క సెకన్లు. పిల్ల మంచికే తీశానని ఫేబకు చెప్పాను, ఇన్నాళ్ళూ నాకు నేనూ చెప్పుకున్నాను. కాదక్కా. ఆరేళ్ళలో మొదటిసారి నన్ను ఎవరో పిలిచారు. కోచ్‌ను కాదంటే ఆ పిలుపు పోతుందని తీశాను. ముందు మాటనూ వెనక మాటనూ ఎంత బాగా అతికించానంటే, తర్వాత విన్నప్పుడు నాకే ఆ జాడ దొరకలేదు.

డిసెంబర్ పోటీల్లో నాకు మెడలో కార్డు వేశారు, షామియానా కింద కుర్చీ వేశారు. రెండో రోజు పొద్దున ఒక మ్యాచ్ మొత్తం కావ్యే వేసింది. మధ్యాహ్నం సెమీఫైనల్ కూడా ఆమెకే ఇచ్చారు. ఐదో ఇన్నింగ్స్‌లో ఒక బంతి అవతల బంతి అందుకునే క్యాచర్ దాకా పోకుండా సగం దూరంలో పడింది. కావ్య ఉన్నచోటనే కూలబడి మోచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు. నేను మైకులో, పిచర్ కూర్చుండిపోయింది, చిన్న నొప్పి కావచ్చు, అన్నాను. ఆ గ్రౌండ్ మొత్తంలో అది చిన్న నొప్పి కాదని తెలిసినవాళ్ళం ముగ్గురమే. అందులో మైకు ఉన్నది నా ఒక్కడి చేతిలోనే.

మోచేతి లోపలి లిగమెంట్ తెగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో చిన్న చిన్న పనులు చేసుకుంటుంది. చెయ్యి పూర్తిగా చాపలేదు. ఇక పిచింగ్ ఊసు ఎత్తొద్దని డాక్టరు వాళ్ళమ్మ ముందే చెప్పాడు.

నీ ఉత్తరం రాగానే, ఫోన్ సంగతి కనుక్కుందామని కౌడిపల్లి పోయాను. వాళ్ళమ్మ యాదలక్ష్మి పనికి పోయింది. కావ్య ఎడమ చేత్తో నోట్స్ రాయడం నేర్చుకుంటోంది. టీచర్ పరేషాన్ అవుతోంది, ఒక్కసారి ఫోన్ ఎత్తొచ్చు కదా అన్నాను. రాస్తున్న లైను పూర్తిచేసింది. తర్వాత చెప్పింది.

"టీచర్ ఇన్నది గదన్నా. మీ ఎపిసోడ్లు అన్ని ఇంటదని మీరే చెప్పిండ్రు. కోచ్ సార్‌కు చెప్పాలంటే భయమైంది. అమ్మకు చెప్తే ఆట బంద్ పెట్టిస్తది. టీచర్‌కు ఫోన్ చేద్దామంటే ఉన్నది అమ్మ ఫోనే, అమ్మ పక్కనే ఉంటది. మైకుల చెప్తే టీచర్ ఇంటది, సార్‌తోని మాట్లాడి ఆపిస్తది అనుకున్న. టీచర్ ఏం అన్లే. ఇప్పుడెందుకు చేస్తుంది మరి?"

వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోన్ అక్కా. ఆ ఎపిసోడ్ ఆమె ఎప్పుడూ వినలేదు. తన మాటలు నీ దాకా వచ్చాయనీ, నువ్వు విని ఊరుకున్నావనీ మూడు నెలలుగా నమ్ముతోంది. హాస్టల్లో సిగ్నల్ లేక, శనివారం బజారుకు వచ్చి ఎపిసోడ్‌లు దింపుకుని వారమంతా వినే మనిషివి నువ్వు. ఆమె నిన్ను సరిగ్గానే నమ్ముకుంది. మధ్యలో నేనున్నానని ఆమెకు తెలియదు.

ఆ రోజు నిజం చెప్పకుండానే, తెచ్చిన పండ్లు అక్కడ పెట్టి వచ్చేశాను. రెండు వారాలు షాపుకు పోయాను, వచ్చాను. చివరికి ఫేబకు అసలు సంగతి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ముందు ఆ పిల్లకు చెప్పు, తర్వాత అక్కకు చెప్పు, ఆ రెండూ అయ్యాకనే మైకు పట్టు, అంది.

నిన్న చర్చి నుంచి నేరుగా పోయాను. యాదలక్ష్మి కూడా ఇంట్లోనే ఉంది. జరిగింది మొత్తం చెప్పి, నా ఫోన్లో దాచి ఉన్న ఆ ముక్క వినిపించాను. అసలు రికార్డింగ్ నేను చెరపలేదు. ఎందుకు చెరపలేదో నాకే తెలియదు.

యాదలక్ష్మి నావైపు చూడలేదు. "బయటికి పొయ్యి తిన్నవా బిడ్డా," అని ఆ ఒక్కమాట అడిగింది. కావ్య తలూపింది. ఆమె కూతురి దగ్గరికి జరిగి, ఆ కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుని అట్లాగే కూర్చుంది.

"అయితే టీచర్ ఇన్లేదా?" అని కావ్య నన్ను అడిగింది. వినలేదని చెప్పాను. "ఉత్తగనే టీచర్ మీద కోపం పెట్టుకున్న," అని అప్పుడు ఏడ్చింది. గ్రౌండ్‌లో ఏడవని పిల్ల, దవాఖానలో ఏడవని పిల్ల, దానికి ఏడ్చింది.

లేచేముందు, ఈ ముక్క అందరికీ వినిపించమంటావా అని అడిగాను. ఇప్పుడేం లాభమంది. తర్వాత, వేరే ఊర్ల పిల్లలు ఇంటరా అని అడిగింది. కొందరు వింటారన్నాను. అయితే పెట్టుండ్రి, అంది. గడప దాటుతుంటే వెనకనుంచి ఇంకో మాట అంది.

"మీరు ఇంక రాకుండ్రి అన్నా. టీచర్ ఫోన్ చేస్తే ఎత్తుతా."

ఈ పొద్దున ఉదయ్ కుమార్‌ను కలిసి, ఏం చెప్పబోతున్నానో చెప్పాను. నన్ను ముంచుతున్నావా అన్నా, అన్నాడు. నేను కూడా మునుగుతున్నానని చెప్పాను. తర్వాత, పిల్ల చెయ్యి చాపుతుందా అని అడిగాడు. ఆపరేషన్ అయ్యాక అతను ఒక్కసారి కూడా చూడటానికి పోలేదు. సగం దాకా చాపుతుందన్నాను.

ఆ ఎపిసోడ్ వచ్చే ఆదివారం పెడతాను. ఆమె నలభై ఒక్క సెకన్లు, ఆ వెనక నేను చేసింది, మైకులో నేనన్న అబద్ధం, మూడూ ఉంటాయి. ఆ తర్వాత పక్క గ్రౌండ్ ఉంటుందో లేదో తెలియదు. నేను చెప్పింది నమ్మాలో వద్దో వినేవాళ్ళు తేల్చుకోవాలి కదా.

నీ కోపం నాకు తెలుసు. చిన్నప్పుడు కూడా నువ్వు కొట్టేదానివి కాదు, మాట్లాడటం మానేసేదానివి. ఈసారి ఎన్నాళ్ళు మానేసినా నేను అడగను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, శుక్రవారానికల్లా అందుతుంది. శనివారం నువ్వు బజారుకు వచ్చి సిగ్నల్ దొరికినప్పుడు నాకు చేయకు. యాదలక్ష్మి నంబరు నీ దగ్గర ఉంది. నువ్వు శనివారం చేస్తావని నిన్ననే చెప్పి వచ్చాను, నాలుగింటి నుంచి కావ్య ఫోన్ దగ్గర కూర్చుంటుందట. ఆమె మాట్లాడుతుంటే నడుమ నడుమ ఓదార్చకు, ఏమీ కాదులే అనకు. ఎంతసేపు చెబితే అంతసేపు, ఒక్క ముక్క కూడా పోకుండా విను.

ఇట్లు,
ఆ పిల్ల మాట నీ దాకా రానియ్యని
నీ తమ్ముడు
అనూప్