ఇప్పలగూడెం పలకడం లేదు

జూన్ 24
మా ట్రస్టుకు అయిదు లైబ్రరీలు. ఖమ్మంలో నేను కూర్చునే మెయిన్ ఆఫీసు, కుసుమంచి, సత్తుపల్లి, భద్రాచలం, పర్ణశాల దాటాక అడవిలో ఇప్పలగూడెం. ఒక్కచోట పుస్తకం పేరు టైప్ చేస్తే అయిదు కేటలాగులూ ఒకేసారి వెతికి పెట్టాలి. ఆ సెర్చ్ నేను చేసిందే.

పని చేస్తోంది, నత్తనడకన. నాలుగు సర్వర్లు వెంటనే పలుకుతాయి. ఇప్పలగూడెం పలికేదాకా మిగతావన్నీ ఆగాల్సిందే. ఒక్క మేనమామ రాలేదని బంతి మొత్తం విస్తళ్ల ముందు కూర్చున్నట్టుంది. సత్తుపల్లి నుంచి ఈరోజు కూడా కంప్లైంట్.

జూన్ 26
జంపక్కకు ఫోన్ చేశాను. ఇప్పలగూడెం లైబ్రరీ తాళం తీసేది, ఊడ్చేది, పుస్తకాలిచ్చేది అంతా ఆమే. సర్వర్ ఎందుకు ఆగుతోందని అడిగాను. మొగులు పట్టంగనే మెయిన్ బంద్ చేస్తున్న బిడ్డా, నిరుడు పిడుగు పడి బడిల టీవీ కాలిపాయె, గీ డబ్బా కాలితే మళ్ల ఇస్తరా మీరు అంది.

ఇటువైపు ఉరుము వినబడితే మెయిన్ ఆపనివాళ్లెవరు? తండాలో మా అమ్మ చేసేదీ అదే. కోప్పడలేకపోయాను.

జూలై 1
టైమవుట్ పెట్టాను. మూడు సెకన్లలో పలకని సర్వర్‌ను వదిలేసి సెర్చ్ ముందుకు పోతుంది. ఇక పరుగే పరుగు. ట్రస్టు సెక్రటరీ ఉదయ్ భాస్కర్ సార్ నా కుర్చీ దగ్గరికే వచ్చి, బ్రహ్మాండం అమ్మా సరళా అన్నారు. స్వీట్లు తెప్పించారు. మొహమాటం లేకుండా తిన్నాను.

జూలై 17
వాన. నిన్నా వానే.

ఆగస్టు 4
నెల రిపోర్టు వచ్చింది. ఇప్పలగూడెం నుంచి సెర్చ్‌లో కనబడిన పుస్తకాలు సున్నా. పంపమని అడిగినవాళ్లు సున్నా. ఒక్కరూ అడగని పుస్తకాలు అడవిలో ఎవరికమ్మా, చెదలకా అన్నారు సార్. ఖమ్మం తెచ్చేసి ఆ శాఖ మూసేద్దామన్నారు. మీటింగులో అందరూ తలూపారు. నా తలా ఊగింది.

బయటికొచ్చాక తట్టింది. నెలంతా మబ్బే కదా! జంపక్క మెయిన్ ఆపేస్తుంది, సర్వర్ పలకదు, నా టైమవుట్ దాన్ని వదిలేస్తుంది. ఇంతవరకూ సరే. కానీ అప్పుడు స్క్రీన్ మీద ‘శాఖ నుంచి జవాబు రాలేదు’ అని కదా రావాలి? నేను ‘పుస్తకం లేదు’ అని వచ్చేలా పెట్టాను. లేని పుస్తకాన్ని ఎవరు అడుగుతారు? ఊళ్లోవాళ్లు జంపక్క చేతి మీదుగా తీసుకెళ్లేవేమో ఈ రిపోర్టుకు ఎక్కవు.

ఆగస్టు 5
సార్‌కు అంతా చెప్పాను, మెసేజ్ మార్చినంత మాత్రాన అక్కడి పుస్తకాలు కనబడవనీ చెప్పాను. సరే, టైమవుట్ తీసెయ్ చూద్దాం అన్నారు. తీసేశాను. మధ్యాహ్నానికల్లా సత్తుపల్లి, కుసుమంచి నుంచి వరసగా ఫోన్లు. మళ్లీ పెట్టెయ్యమ్మా అన్నారు సార్. పెట్టేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఆగస్టు 11, సాయంత్రం
దారి దొరికింది. ఇప్పలగూడెం కేటలాగు కాపీ ఒకటి ఖమ్మం సర్వర్‌లోనే ఉంచుకుంటే చాలు, అక్కడ కరెంటు ఉన్నా లేకపోయినా పుస్తకాలు కనబడతాయి. ఇంత చిన్న పని జూన్‌లో ఎందుకు తట్టలేదో! వాన తెరిపిచ్చినప్పుడు మెయిన్ వెయ్యమని జంపక్కను బతిమాలాను. వేసింది. కాపీ వచ్చింది. కాసేపటికే అక్కడి పుస్తకం కావాలని భద్రాచలం నుంచి రిక్వెస్ట్! కళ్లు తడిశాయి.

పరుగున వెళ్లి సార్‌కు చూపించాను. బాగుందన్నారు. కానీ బోర్డు తీర్మానం అయిపోయిందమ్మా, వ్యాన్ కూడా మాట్లాడేశాం అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

ఆగస్టు 19
వ్యాన్‌లో నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను.

తడవకుండా జంపక్క పుస్తకాలన్నీ తన పాత చీరల్లో మూటలు కట్టి పెట్టింది. సోని అని ఒకమ్మాయి నర్సింగ్ పరీక్షకు చదువుతోందట. సగం చదివిన బయాలజీ పుస్తకం ఇస్తూ, ఖమ్మం నుంచి మళ్ల ఎట్ల తెచ్చుకోవాలె అక్కా అని అడిగింది. ఆన్‌లైన్‌లో వెతికి రిక్వెస్ట్ పెట్టు అనేశాను. మా ఊళ్ల నెట్టు ఉన్నది గీ రూములనే గదక్కా అంది. అప్పటికే సర్వర్ వైర్లు పీకి వ్యాన్ ఎక్కించాం.

జంపక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందుగాల చెప్తే ఉరుములల్ల గూడ మెయిన్ ఉంచుదును గద బిడ్డా, నా వల్లనే గిట్లాయె అంది. కాదు, తప్పు నాది అని చెప్పాను. మళ్లీ చెప్పాను. నమ్మలేదు.

ఆగస్టు 27
ఇప్పలగూడెం పుస్తకాలు ఇప్పుడు రెప్పపాటులో వస్తున్నాయి. ఏది కొట్టినా ఒకటే స్టేటస్: అందుబాటులో ఉంది.